పొంతన లేని ఇద్దరి స్నేహం మీద నవల రాస్తున్నాను, ఇద్దరూ ఎక్కడివాళ్లక్కడే ఉన్నారంటున్నారు

నల్లకుంట_రాతగాడు:

అందరికీ నమస్కారం. చాలాకాలంగా ఒక నవల రాస్తున్నాను, ఇదే మొదటిది. ఒకచోట ఇరుక్కుపోయాను, మీరెవరైనా దారి చూపిస్తారేమోనని అడుగుతున్నాను.

కథ హైదరాబాద్‌లోనే. శేషగిరిరావు అరవై దాటిన మనిషి, నల్లకుంటలో ఒక అపార్ట్‌మెంట్‌లో ఒంటరిగా ఉంటాడు, భార్య పోయింది, కొడుకు కొండాపూర్‌లో. ఉద్యోగమంతా ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దడమే, ఆ ప్రెస్సు మూసేశారు. ఎక్కడైనా ఒత్తు ఎగిరిపోతే నిద్రపట్టని రకం. నాజ్నీన్‌కి ఇరవై నాలుగేళ్లు, ఛత్తా బజార్‌లో వాళ్ల మామయ్య పెళ్లికార్డుల షాపులో డీటీపీ చేస్తుంది. తెలుగు బాగా మాట్లాడుతుంది కానీ చదవడం రాదు, అక్షరాల్ని బొమ్మల్లా గుర్తుపెట్టుకుని ‘అను ఫాంట్స్’ అనే తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్‌లో కొట్టేస్తుంది. ఒకసారి పెళ్లికొడుకు పేరు ముందు చి.ల.సౌ. పడి కార్డులన్నీ అచ్చయిపోయాయి, పార్టీవాళ్లు వచ్చి నానా గొడవ చేసి డబ్బులు ఎగ్గొట్టి పోయారు. ఆ దెబ్బతో మామయ్య శేషగిరిరావుని మధ్యాహ్నాలు వచ్చి ప్రూఫులు చూసేందుకు పెట్టుకుంటాడు. అక్కడ మొదలవుతుంది వీళ్లిద్దరి స్నేహం. ఆయన ఆమెకి తెలుగు చదవడం నేర్పిస్తాడు, ఆమె ఆయనకి ఫోన్ వాడటం నేర్పిస్తుంది, ఆయనకి జ్వరమొస్తే ఇంటికొచ్చి చూసుకుంటుంది, పండక్కి షీర్ ఖుర్మా తెస్తుంది, ఇలా.

మా ఫ్రెండ్ ఒకాయన చదివి ఏమన్నాడంటే, మొదటి పేజీలో ఎంత మంచివాళ్లో చివరి పేజీలోనూ అంతే మంచివాళ్లు, మధ్యలో చాయ్ మాత్రం బాగా తాగారు అన్నాడు. మంటగా అనిపించింది కానీ కాదనలేకపోయాను.

నా డౌట్ ఏంటంటే, వయసు, మతం, చదువు, పేట ఏదీ కలవని ఇద్దరి మధ్య స్నేహం పెడితే చాలు, మనుషులు వాళ్లంతట వాళ్లే ఎదుగుతారనుకున్నాను. ఎందుకు ఎదగడం లేదు? దయచేసి ‘త్రీ యాక్ట్ స్ట్రక్చర్’ లాంటివి చెప్పొద్దు, అవన్నీ చదివేశాను.

---

అబిడ్స్_ఫుట్‌పాత్:

ఆ ఫ్రెండ్‌ని వదులుకోకండి సార్, అలా మొహం మీద చెప్పేవాళ్లు దొరకరు.

నాకు అనిపించేది ఇది. మీ కథలో ఆ స్నేహం వల్ల ఎవరికీ పైసా నష్టం లేదు. ఆయనకి పొద్దుపోతోంది, అమ్మాయికి తప్పులు తగ్గుతున్నాయి, అందరూ హ్యాపీ. ఇంక ఎవరైనా ఎందుకు మారతారు చెప్పండి?

హకల్‌బెరీ ఫిన్ చదివే ఉంటారు, మార్క్ ట్వేన్ 1884లో తెచ్చిన పుస్తకం. తెల్ల కుర్రాడు హక్, పారిపోతున్న బానిస జిమ్, ఇద్దరూ ఒకే తెప్ప మీద మిసిసిపీ నదిలో పోతుంటారు. ఒక రాత్రి పొగమంచులో విడిపోతారు. హక్ ఎలాగో తిరిగొచ్చి, సరదాకి, మనం విడిపోనే లేదు, అదంతా నీకొచ్చిన కల అని జిమ్‌ని నమ్మిస్తాడు. నిజం తెలిశాక జిమ్ అరవడు, కొట్టడు. నువ్వు పోయావేమోనని నా గుండె పగిలింది, నీకేమో నన్ను వెర్రివాణ్ణి చేయడమే సరిపోయింది అన్న అర్థంలో నాలుగు మాటలని లోపలికి వెళ్లిపోతాడు. వెళ్లి క్షమించమని అడగడానికి హక్‌కి పదిహేను నిమిషాలు పడుతుంది. ట్వేన్ ఆ పావుగంటని ఒక్క వాక్యంలో దాటేశాడు కానీ వాడి ఊరు, బడి, చర్చి వాడికి నేర్పిందంతా ఆ పావుగంటలో కాళ్లకి అడ్డం పడుతుంటుంది. తర్వాత జిమ్ ఎక్కడున్నాడో చెబుతూ యజమానురాలికి ఉత్తరం రాసి, మళ్లీ తనే చింపేస్తాడు, నరకానికి పోతే పోతాననుకుని. గమ్మత్తేమిటంటే బానిసత్వం తప్పని వాడికి అప్పటికీ తెలియదు, తను చేస్తున్నది పాపమని నమ్ముతూనే చేస్తాడు! బుర్ర ఇంకా పాత ఊళ్లోనే ఉంది, మనిషి మాత్రం అక్కణ్ణుంచి వచ్చేశాడు.

ఇంకోటి కూడా ఉంది, చాలామంది దాని మీదుగా దాటిపోతారు. వరదలో కొట్టుకొచ్చిన ఇంట్లో కనపడిన శవం హక్ తండ్రిదని జిమ్‌కి మొదటినుంచీ తెలుసు, ఆఖరి పేజీల దాకా చెప్పడు. కుర్రాడు బాధపడతాడనా? లేక తండ్రి భయం తీరిపోతే హక్ వెనక్కి వెళ్లిపోతాడు, తను ఒక్కడే మిగిలిపోతాడనా? ట్వేన్ తేల్చడు. నాకైతే ఆ రెండో అనుమానం వల్లే జిమ్ దేవుడి పటంలా కాకుండా, ప్రాణం మీద తీపి ఉన్న మనిషిలా కనపడతాడు.

మీ ఇద్దరిలో ఎవరైనా ఎవరి దగ్గరైనా ఏదైనా దాచారా? నాకు అనుమానమే.

---

మలక్‌పేట_రమ:

అబిడ్స్ గారూ, అదే పుస్తకంలో చివర్న హక్ పాత స్నేహితుడు టామ్ సాయర్ దిగిన తర్వాత జరిగింది కూడా చెప్పాలి కదా. జిమ్‌ని ఒక గుడిసెలో బంధిస్తే, విడిపించడం అనేది టామ్‌కి ఒక ఆట అయిపోతుంది, రోజులకి రోజులు ఆ మనిషిని నానా హింస పెడతారు, అంత ఎదిగిన హక్ కూడా సరే సరే అంటూ వెంట తిరుగుతాడు. అసలు జిమ్‌కి అప్పటికే స్వేచ్ఛ ఇచ్చేశారని టామ్‌కి తెలుసు కూడా! చదివినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. ఒక స్నేహం వల్ల వచ్చిన ఎదుగుదల, పాత స్నేహితుడు ఎదురుపడగానే ఆవిరైపోతుందని చూపించాడని కొందరు అంటారు. కావచ్చు. నాకైతే రచయితే జిమ్‌ని మర్చిపోయాడనిపిస్తుంది.

అది ఎందుకు చెప్తున్నానంటే, నల్లకుంట గారూ, మీరు నాజ్నీన్‌ని మొదటి పేజీలోనే మర్చిపోయారు. ఏమీ అనుకోకండి. మీరు రాసిన పరిచయమే చూడండి. శేషగిరిరావుకి పోయిన భార్య ఉంది, దూరంగా కొడుకున్నాడు, మూసేసిన ప్రెస్సు ఉంది, ఒత్తుల పిచ్చి ఉంది. అమ్మాయికి ఏముంది? మామయ్య, కంప్యూటర్, షీర్ ఖుర్మా. మన కథల్లో ముస్లిం అమ్మాయి అంటే పండక్కి గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడటమేనా? ఆయన ఇంటికెళ్లిపోయాక సాయంత్రం ఏడింటికి ఆ అమ్మాయి ఏం చేస్తుంది? ఎవరి మీద చిరాకు పడుతుంది? జీతం ఎంత, అది ఎవరి చేతికి పోతుంది? ఆయన దగ్గర తెలుగు నేర్చుకోవడం ఎందుకు, ఊరికే భాషాభిమానమా? ఆ షాపు వదిలేసి ఇంకెక్కడో చేరాలని ఉండి, అందుకోసం ఈ ముసలాయన్ని వాడుకుంటోందని పెట్టండి, వెంటనే నాకు ఆమె మీద ఇష్టం పుడుతుంది.

పెద్దాయన మారడానికి ఒక మంచి పిల్ల, పట్నం బాబు మారడానికి ఒక పల్లెటూరి తాత, డబ్బున్నావిడ మారడానికి ఒక పనమ్మాయి, ఇవి చదివీ చదివీ విసుగొచ్చింది. ఒకళ్లు ఎదగడానికి ఇంకొకళ్లు నిచ్చెనగా పనిచేస్తున్నారు, నిచ్చెనకి మాత్రం ఏమీ కాదు.

---

నల్లకుంట_రాతగాడు:

రమ గారూ, గట్టిగానే వేశారు :) ఒక విషయంలో మాత్రం నేను ఒప్పుకోను. నాజ్నీన్ మంచితనం నేను కావాలని పెట్టుకున్నదే. మొహం చూడగానే అనుమానపడే రోజుల్లో ఒక ముస్లిం అమ్మాయిని స్వార్థపరురాలిగా, అబద్ధాలాడేదానిగా రాస్తే ఎవరు ఎలా తీసుకుంటారో అన్న టెన్షన్ నాకుంది. ఆ ఆలోచన పూర్తిగా తప్పంటారా?

దాచడం గురించి అబిడ్స్ గారు అడిగింది బాగా తగిలింది. ఎవరూ ఏమీ దాచలేదు. అన్నీ చెప్పేసుకుంటారు.

---

మలక్‌పేట_రమ:

టెన్షన్ అర్థమైంది. కానీ తప్పు చేసే హక్కు శేషగిరిరావుకి ఒక్కడికే ఇచ్చి ఆమెకి ఇవ్వకపోవడం గౌరవం ఎలా అవుతుంది? అతిథిలా చూస్తున్నారు మీరు ఆమెని. అతిథితో ఎవరం గొడవ పడం కదా.

---

ఆఫ్‌సెట్_అన్న:

నేను సాహిత్యం మనిషిని కాదన్నా, ప్రింటింగ్ లైన్‌లో ఉన్నాను, మా షాపు అక్కడికి దగ్గరే. పెళ్లికార్డుల షాపు అన్నారు కాబట్టి ఒకటి చెప్తాను, పనికొస్తే వాడుకోండి.

మాకు సీజన్, అన్‌సీజన్ ఉంటాయి. ఆషాఢంలో తెలుగు పెళ్లిళ్లు ఉండవు, ఆ కార్డులు రావు. ముస్లిం పెళ్లిళ్లు రంజాన్‌లో, మొహర్రంలో చాలామంది పెట్టుకోరు. మామూలుగా ఇవి వేర్వేరు టైంలో వస్తే షాపుకి ఇబ్బంది ఉండదు, ఒకరివి తగ్గితే ఇంకొకరివి ఉంటాయి. కానీ వాళ్ల క్యాలెండర్ ఏటా దాదాపు పదకొండు రోజులు ముందుకి జరుగుతుంది, మనకి అధిక మాసం ఉంది కాబట్టి ఆషాఢం ఎంత జరిగినా మళ్లీ అక్కడికే వస్తుంది. అందుకని కొన్నేళ్లు రెండూ వచ్చి ఒకదాని మీద ఒకటి పడతాయి. 2024లో జూలై 17న తొలి ఏకాదశి, మొహర్రం పదో రోజు రెండూ ఒకే రోజు. 2025లో కూడా అంతే, జూలై 6. అంటే నెలంతా ఇటు కార్డులు లేవు, అటు కార్డులు లేవు. ఊళ్లో మాత్రం ఒక పక్క బోనాలు, ఒక పక్క దబీర్‌పురా నుంచి చాదర్‌ఘాట్ దాకా బీబీ కా అలం ఊరేగింపు, రోడ్లన్నీ జనం, షాపులో ఈగలు.

ఆ నెలలో మీ పెద్దాయన ఏం చేస్తాడు? ప్రూఫులు లేవు, మామయ్య జీతం ఇవ్వడు, రమ్మని కూడా అనడు. ఇన్నాళ్లూ పని ఉంది కాబట్టి వచ్చాడు. ఇప్పుడు నల్లకుంట నుంచి బస్సెక్కి ఎందుకు రావాలి? వస్తే అమ్మాయి మామయ్య ఏమనుకుంటాడు? పని లేకుండా కూర్చునే మగమనిషిని షాపులో ఎవరూ ఉంచుకోరు, ముసలివాడైనా సరే. మానేస్తే? నా లెక్కలో మీ కథకి ఆ నెలే అసలు నెల.

---

అబిడ్స్_ఫుట్‌పాత్:

అన్నా, సాహిత్యం మనిషిని కాదంటూనే మా అందరికంటే మంచి అధ్యాయం ఇచ్చేశారు.

---

బర్కత్‌పురా_బద్ధకం:

నేను కొంచెం అడ్డంగా వస్తాను. మనుషులు ఎదగాల్సిందే అని ఎవరు పెట్టారు ఈ రూలు? ఈ మధ్య ఏ నవల గురించి మాట్లాడినా క్యారెక్టర్ గ్రోత్ అంటున్నారు, ప్రమోషన్ లెటర్ ఇచ్చినట్టు. నాకు తెలిసిన నిజం స్నేహాల్లో సగం మనుషుల్ని ఏమీ ఎదగనివ్వలేదు, ఇంకొంచెం వింతగా మాత్రం చేశాయి.

డాన్ కిహోటే అనే స్పానిష్ నవల చూడండి, మొదటి భాగం 1605, రెండోది 1615. పుస్తకాలు చదివి మతిపోయిన ఆసామి ఒకడు, వాడి వెనక ఒక దీవిని ఇస్తానంటే ఆశపడి గాడిదెక్కి వచ్చిన సాంచో ఒకడు. గాలిమరల్ని రాక్షసులనుకునేవాడు ఒకడు, అవి గాలిమరలే దొరా అనేవాడు ఇంకొకడు. పదేళ్ల తర్వాత వచ్చిన రెండో భాగంలో ఏమవుతుందంటే, ముగ్గురు పల్లెటూరి ఆడవాళ్లు గాడిదల మీద వస్తుంటే సాంచో, డుల్సినియాని కలిసొచ్చానన్న తన పాత అబద్ధం బయటపడకుండా, అదిగో మీ రాకుమారి డుల్సినియా, పక్కన చెలికత్తెలు అని చూపిస్తాడు. పిచ్చివాడైన దొర కళ్లు చిట్లించుకుని చూసి, నాకు గాడిదల మీద పల్లెటూరివాళ్లే కనపడుతున్నారే అంటాడు! ఇద్దరి పాత్రలూ తారుమారు. చివరికి దొర మంచంలో పడి, మతి కుదిరి, ఇదంతా వెర్రి అని ఒప్పుకుంటుంటే, సాంచో ఏడుస్తూ లేవండి, చచ్చిపోకండి, పోయి గొర్రెల కాపరులమవుదాం అని బతిమాలతాడు. ఒకరి వెర్రి ఇంకొకరికి అంటుకుంది, ఒకరి తెలివి ఇంకొకరికి పోయింది. మదారియాగా అనే స్పానిష్ విమర్శకుడు 1926లోనే దీని గురించి బాగా రాశాడు. దీన్ని ఎదుగుదల అంటారా, తరుగుదల అంటారా? నాకు తెలియదు, అందుకే మళ్లీ మళ్లీ చదువుతాను.

కాబట్టి ఆయన ఒత్తుల పిచ్చి ఆ అమ్మాయికి అంటుకోనివ్వండి. ఆమె నిర్లక్ష్యం ఆయనకి అంటుకోనివ్వండి. ఆమె ఇంట్లో అందరి మాటల్నీ దిద్దుతూ ప్రాణాలు తీయాలి, ఆయన ఒక తప్పు చూసి కూడా పోనీలే అని వదిలేయాలి.

---

మలక్‌పేట_రమ:

“పోనీలే అని వదిలేయాలి”. బద్ధకం గారూ, అక్కడే ఉంది విషయం. ఆయన ఏది వదిలేస్తాడు?

ఆయన అపార్ట్‌మెంట్‌లో ఉంటాడన్నారు కదా. రిటైరైన మనిషి, ఖాళీగా ఉంటాడు, చేతిరాత బాగుంటుంది, కాబట్టి ఖచ్చితంగా అసోసియేషన్‌లో సెక్రటరీని చేసి ఉంటారు. నాజ్నీన్ వాళ్లు ఇల్లు వెతుక్కుంటున్నారని పెట్టండి. ఈ ఊళ్లో పేరు చెప్పగానే ఇల్లు ఖాళీ లేదనే వాళ్లు ఎంతమందో నాకంటే మీకే బాగా తెలుసు, టు-లెట్ బోర్డు గేటుకి వేలాడుతూనే ఉంటుంది. ఆమె ఒకరోజు, మీ బిల్డింగ్‌లో ఏదైనా ఫ్లాట్ ఉందా సార్ అని అడుగుతుంది. ఉంది. మూడో అంతస్తులో ఉంది. ఆయన “చూస్తానమ్మా” అంటాడు.

ఆ వారమే అసోసియేషన్‌వాళ్లు కొత్త నోటీసు రాస్తారు, అద్దెకి ఎవరికివ్వాలి, ఎవరికివ్వకూడదు అని, శాకాహారం అది ఇది అంటూ మర్యాదగా. ఒకసారి చూసిపెట్టండి మాస్టారూ అని ఆయన చేతికే ఇస్తారు. ఆయన ఏం చేస్తాడు? రెండు ఒత్తులు సరిచేసి, ఒక దీర్ఘం పెట్టి, తిరిగి ఇచ్చేస్తాడు. అంతే. జీవితమంతా తప్పులు దిద్దిన మనిషి.

ఇక ఆ కాయితం ప్రింటుకి ఎక్కడికొస్తుందో చెప్పక్కర్లేదు. ఆమెకి చదవడం నేర్పింది ఆయనే.

---

బర్కత్‌పురా_బద్ధకం:

రమ గారూ, నోటీసు దాకా అద్భుతం. అది మళ్లీ ఆ అమ్మాయి షాపుకే రావడం మాత్రం ఇంటర్వెల్ బ్యాంగ్ అయిపోయింది. ఒక అపార్ట్‌మెంట్ నోటీసుకి ఛత్తా బజార్ దాకా ఎవరు పోతారండీ, నల్లకుంటలో ప్రతి గల్లీకీ ఒక జిరాక్స్ షాపుంది. ఆయనకి జ్వరమొచ్చిందని నల్లకుంట గారు రాశారు కదా, ఆ రోజు చూడటానికి వచ్చినప్పుడు లిఫ్ట్ పక్కన అంటించి ఉంటే చాలు. లిఫ్ట్ వచ్చేలోపు చదువుతుంది, చదవడం కొత్తగా వచ్చినవాళ్లు కనపడిన ప్రతి బోర్డూ చదువుతారు. మెల్లగా, కూడబలుక్కుంటూ. కింద సెక్రటరీ సంతకం.

అప్పుడు ఆ జ్వరం సీన్‌కి కూడా ఒక పని దొరుకుతుంది. పైకెళ్తుందా, లిఫ్ట్ ఎక్కకుండా వెనక్కి పోతుందా?

---

అబిడ్స్_ఫుట్‌పాత్:

పైకెళ్తుంది. జావ కాచి ఇస్తుంది, మందులు చూస్తుంది, ఏమీ అనదు. తర్వాత నెలలపాటు అనదు. ఆయనకి తెలియదు ఆమె చదివిందని. ఇప్పుడు దాచడం అనేది ఆమె చేతిలోకి వచ్చింది, మంచితనం అంతా అలాగే ఉంది కానీ దాని కింద ఏముందో ఆయనకి తెలియదు, మనకి తెలుసు. మీ షీర్ ఖుర్మా కూడా ఉంచుకోవచ్చు, ఈసారి ఆ గిన్నె చూస్తే నాకు భయమేస్తుంది.

---

నల్లకుంట_రాతగాడు:

ఇక్కడికొచ్చి అడగడం మంచిదైంది. ఒకటి రెండు చోట్ల మీతో నాకు పేచీ ఉంది, అది కూడా చెప్పాలి.

లిఫ్ట్ దగ్గర నోటీసు తీసుకుంటున్నాను. అన్న చెప్పిన ఆషాఢం, మొహర్రం నెల కూడా. ఈ రెండింటి వరుస మాత్రం నేను తిప్పుతాను, ముందు నోటీసు, తర్వాత ఖాళీ నెల. ఎందుకంటే ఆమె చదివేసిన తర్వాత వచ్చే ఆ నెలలో ఆయన పని లేకపోయినా బస్సెక్కి వస్తాడు, జీవితంలో మొదటిసారి కారణం లేకుండా ఒక మనిషిని చూడటానికి వస్తాడు, ఆమెకేమో సరిగ్గా అప్పుడే ఆయన రావడం ఇష్టం ఉండదు. ఇది నాకు రాయాలనిపిస్తోంది.

ఆమె షాపు మారే ప్లాన్‌లో ఉందన్నది కూడా పెడతాను రమ గారూ. ఆయన్ని వాడుకోవడం మాత్రం పెట్టను, ఆ పిల్ల నాకు అలా కనపడటం లేదు, మరీ అంత లెక్క వేసుకునే రకం కాదు. ఫోన్‌లో ఆయన వాట్సాప్ చూస్తూ చూస్తూ కొడుకు మెసేజ్ ఒకటి ఆయనకి తెలియకుండా తుడిచేస్తుంది, నాన్నని కొండాపూర్ వచ్చేయమన్న మెసేజ్. ఆయన వెళ్లిపోతే తెలుగు పాఠం ఆగిపోతుంది, కార్డులు మళ్లీ తప్పులతో పోతాయి, ఇంకా ఏమో. ఎందుకు చేసిందో ఆమెకే సరిగ్గా తెలియదు. ఇది నోటీసుకి ముందే జరగాలి, అప్పుడు ఇద్దరి దగ్గరా ఒక్కొక్కటి ఉంటుంది.

ఆయన క్షమాపణ అడుగుతాడా లేదా అన్నది నాకింకా తేలలేదు. మెసేజ్ సంగతి బయటపడి, నోటీసు సంగతి బయటపడక ఆగిపోయినా బాగుంటుందేమో. ఏమంటారు?

---

మలక్‌పేట_రమ:

మెసేజ్ తుడిచేయడం!! ఇందాక అబద్ధాలాడే అమ్మాయిని రాయలేనన్నది మీరే కదా. రాసేయండి. ఎవరిది ముందు బయటపడాలన్నది ఇప్పుడే తేల్చకండి, ఆ ఖాళీ నెల రాసిన తర్వాత చూసుకోవచ్చు.

ఆయన మీద జాలి మాత్రం తగ్గించండి. భార్య పోయిన ముసలాయన కాబట్టి పాఠకులు ముందే ఆయన పక్కన ఉంటారు, మీరు కూడా వెళ్లి అక్కడే కూర్చోవద్దు.

---

ఆఫ్‌సెట్_అన్న:

చిన్న కరెక్షన్ అన్నా. మా లైన్‌లో ప్రూఫ్ మీద పార్టీ సంతకం పెట్టాకే ప్రింటుకి పోతుంది. సంతకం పెట్టిన తర్వాత తప్పుంటే అది వాళ్లదే, డబ్బులు ఎగ్గొట్టడానికి ఉండదు. మీరు మొదట్లో పెట్టిన చి.ల.సౌ. గొడవలో పార్టీ ఊరికే వెళ్లిపోయిందంటే ఎవరూ నమ్మరు. సంతకం లేకుండానే అర్జెంటని ప్రింటుకి పంపేసింది ఎవరు, మామయ్యా, ఆ అమ్మాయా, అది ముందు రాసుకోండి.